ఒక్క పొర తీస్తే చాలు

ఆ ఆదివారం గంగాప్రసాద్ పెట్టుకున్న పని ఒక్కటే. భోజనాల బల్ల మీద కుక్కరు అడుగు ముద్రించిన నల్లటి గుండ్రాన్ని, భార్య మంగళగిరి నుంచి తిరిగొచ్చేలోపు మాయం చెయ్యడం. గంట పని అనుకున్నాడు. మధ్యాహ్నం భోంచేసి ఒక కునుకు కూడా తియ్యవచ్చని లెక్క వేసుకున్నాడు.

బల్ల మామూలుది కాదు. చల్లపల్లిలో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన అతని మామగారు తిరుపతిరావు, కూతురు కాపురానికి వెళ్ళేటప్పుడు దగ్గరుండి చేయించి లారీలో పంపిన టేకు బల్ల. ఏటా శ్రావణంలో ఆయన మూడు రోజులు ఉండటానికి విజయవాడ వస్తారు. రాగానే, కూతురిచ్చిన మంచినీళ్ళయినా తాగకుండా, అరచేత్తో ఆ బల్లను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తడుముతారు. "బర్మా టేకమ్మా ఇది. నీ మనవలు కూడా దీని మీదే తింటారు" అంటారు. తర్వాత అల్లుడి వంక ఒక చూపు చూస్తారు. లెక్కల్లో తప్పిన కుర్రాడి వంక చూసే చూపు అది. తొమ్మిదేళ్ళుగా ఆ చూపు మారలేదు. ఒక్కసారైనా ఆయన నోటి వెంట "అల్లుడు జాగ్రత్తపరుడు" అనిపించుకోవాలని గంగాప్రసాద్‌కి లోపల్లోపల పెద్ద కోరిక.

అలాంటి బల్ల మీద, శనివారం సాయంత్రం టీవీలో క్రికెట్ చూస్తూ, కుక్కరు దించమని భార్య కేకేస్తే దించి, కింద ఏమీ వెయ్యకుండా పెట్టేసి వెళ్ళి మళ్ళీ టీవీ ముందు కూర్చున్నాడు.

"నాన్న నాలుగింటి బస్సుకి దిగుతారు" అంది పద్మశ్రీ ఆదివారం పొద్దున్న చెప్పులు వేసుకుంటూ. "నాన్నకి పంచెల చాపు తీసుకుని నేను అటునుంచటే బస్టాండుకెళ్ళి ఆయన్ని తీసుకొస్తాను. ఆయన చెయ్యి పెట్టేసరికి ఆ బల్ల నున్నగా ఉండాలి. లేకపోతే మూడో రోజు ఆయనతో పాటు నేనూ చల్లపల్లి బస్సెక్కుతాను. చెప్పలేదనొద్దు."

గంగాప్రసాద్‌కి భార్య సంగతి తెలుసు. ఒకసారి ఇంతకంటే చిన్న విషయానికే ఎక్కింది. పదిహేను రోజులు దిగలేదు.

అయినా అతను ధైర్యంగానే ఉన్నాడు. ఎందుకంటే జానకిరామ్ వస్తున్నాడు. జానకిరామ్ ఇరిగేషన్ ఆఫీసులో అతని పక్క సీటు. రెండేళ్ళ కిందట మస్కట్ నుంచి వచ్చిన బావమరిది అతనికి చిత్రిక పట్టే కరెంటు మిషన్ ఒకటి తెచ్చి ఇచ్చాడు. జానకిరామ్ ఇంట్లో చెక్క సామాను లేదు, తలుపులు కూడా రేకువే. అందుకని మిషన్‌ని థర్మోకోల్‌తో సహా పెట్టెలోనే దాచి, ఎవరింటికి వెళ్ళినా వాళ్ళ తలుపుల వంకా కుర్చీల వంకా ఆశగా చూస్తుండేవాడు.

"ఉప్పు కాగితం పెట్టి రుద్దితే పోదంటావా?" అన్నాడు గంగాప్రసాద్, జానకిరామ్ మోసుకొచ్చిన ఆ మిషన్ సైజు చూశాక కొంచెం జంకి.

"సాయంత్రానికి నీ చెయ్యి పోద్ది గానీ మచ్చ పోదు. ఒక్క పొర తీస్తే చాలు గురూ. పొరంటే ఎంత? ఉల్లిపొర."

మిషన్‌ని ప్లగ్గులో పెట్టి మీట నొక్కగానే వచ్చిన మోతకి గోడ మీది క్యాలెండరు ఊడి పడింది. గంగాప్రసాద్ కళ్ళు మూసుకుని ఈ చివరి నుంచి ఆ చివరికి తోశాడు. కళ్ళు తెరిచి చూస్తే మచ్చ నిజంగానే పోయింది. దాంతోపాటు ముదురు రంగు పాలిష్ కూడా పోయి, అడుగున పాలిపోయిన చెక్క బయటపడింది.

"లోపల ఇంత తెల్లగా ఉందేంట్రా?"

"టేకు లోపల ఎట్టా ఉంటదో నువ్వెప్పుడన్నా చూశావా? నేనూ చూళ్ళేదు. ఎండ తగిలితే అదే రంగొస్తదిలే" అన్నాడు జానకిరామ్. అంత ధీమాగా చెప్పిన మాటని కాదనడం గంగాప్రసాద్‌కి చేతకాదు.

రంగు సమానం కావాలి కాబట్టి బల్లంతా పొర తీశారు. అప్పుడు రెండు చివర్లా రెండు గుంటలు కనబడ్డాయి. వేలు పెడితే వేలు దిగుతోంది. గంగాప్రసాద్ మిషన్ పక్కన పెట్టేశాడు. జానకిరామ్ మాత్రం కంగారు పడకుండా పెట్టెలోంచి మిషన్‌తో వచ్చిన పుస్తకం తీశాడు. అందులో చివరి పేజీలో మూడు గళ్ళ పట్టిక ఉంది: సమస్య, కారణం, నివారణ. జానకిరామ్ కళ్ళజోడు సర్దుకుని, ఎక్స్‌రే చూసే డాక్టరులా తల పంకించాడు.

"చివర్లో గుంటలు. కారణం, బరువు. మొదలెట్టేటప్పుడు మిషన్ ముందు వైపు అదమాలంట, ముగించేటప్పుడు వెనక వైపు. నువ్వు ఉల్టా అదిమావు. నివారణ, ఇంకో పొర."

ఇంకో పొర తీశారు. గుంటలు సగం తగ్గాయి. మూడో పొరలో 'ఠంగ్' మని శబ్దం వచ్చి నిప్పురవ్వ ఒకటి ఎగిరింది. గంగాప్రసాద్ మిషన్ వదిలేసి రెండడుగులు వెనక్కి గెంతాడు. చూస్తే, లప్పం పెట్టి పైన పాలిష్ పూసి దాచిన మేకు తల ఒకటి వాళ్ళ వంక మెరుస్తూ చూస్తోంది.

"టేకు బల్లలో మేకేంటి?"

"గట్టిదనం కోసం వేయించుంటారు. మీ మామగారు అన్నీ ముందుచూపుతో చేస్తారుగా" అన్నాడు జానకిరామ్.

మేకు కొట్టిన దెబ్బకి బ్లేడు అంచు నొక్కుపోయింది. అక్కణ్ణుంచి మిషన్ ఎటు తోస్తే అటు, బల్ల పొడుగునా సన్నటి గట్టు ఒకటి లేవసాగింది. నాలుగుసార్లు తోసేసరికి బల్ల రూళ్ళ పుస్తకంలా తయారైంది. పట్టిక చూస్తే బ్లేడు మార్చమని ఉంది. మస్కట్ బావమరిది రెండో బ్లేడు తేలేదు. బ్లేడు లేకపోతే మిషన్ని కొంచెం పక్కకి జరిపి తొయ్యమని కూడా ఉంది. జరిపి తోస్తే పాత గట్లు సగం పోయి కొత్తవి మొలిచాయి.

పన్నెండయింది. గంగాప్రసాద్‌కి భయం పట్టుకుని మిషన్ని వేగంగా తొయ్యడం మొదలుపెట్టాడు. బల్ల మీద అలలు లేచాయి. "తొందరగా తోస్తే అలలొస్తాయంట" అన్నాడు జానకిరామ్ పుస్తకంలోంచి తలెత్తకుండా. అలలు పోగొట్టడానికి నెమ్మదిగా తోస్తుంటే సరిగ్గా బల్ల నడిమధ్యలో కరెంటు పోయింది. పోయినప్పుడు బాగానే ఉంది. అరగంట తర్వాత, మిషన్ బల్ల మీదే ఉండగా, మీట తియ్యడం మరిచిపోయిన విషయం ఇద్దరికీ జ్ఞాపకం రాకముందే కరెంటు వచ్చింది. బల్ల మధ్యలో సాంబారు గిన్నె పట్టేంత గొయ్యి పడింది.

"ఇప్పుడేంట్రా!" అన్నాడు గంగాప్రసాద్, ఏడుపొక్కటే తక్కువ.

"అటు నుంచి కాకుండా ఇటు నుంచి తోసి చూద్దాం."

ఇటు నుంచి తోస్తే చెక్క పేళ్ళు పేళ్ళుగా లేచింది. చెక్క వాలుకి ఎదురు తోస్తే లేస్తుందని పట్టిక చెప్పింది. మళ్ళీ అటు నుంచి తోశారు. ఈసారి పేళ్ళు లేవలేదు. బల్లంతా నూగు నూగుగా పీచు లేచింది. చేత్తో రాస్తే కొబ్బరికాయ ఒలిచినట్టుంది. పట్టికలో పీచు గడి చూసి జానకిరామ్ చదివిన మాటకి గంగాప్రసాద్‌కి నిజంగా కోపం వచ్చింది.

"కలప పచ్చిదయినా, నాసిరకందయినా పీచు లేస్తుందంట."

"మా మామగారి బర్మా టేకుని నాసిరకం అంటదా నీ పుస్తకం? పదకొండు రోజులు కుర్చీ వేసుక్కూర్చుని చేయించారాయన!"

"నిజమేలే. ఈ గడి మనకి వర్తించదు" అని జానకిరామ్ జేబులోంచి పెన్ను తీసి ఆ గడిని కొట్టేశాడు. ప్రభుత్వోద్యోగి కాబట్టి పక్కన సంతకం కూడా పెట్టాడు.

రెండు గంటలకి బల్ల పైభాగం అప్పడం మందానికి వచ్చింది. జానకిరామ్ మోచెయ్యి ఆనిస్తే ఒక మూల పుటుక్కున విరిగింది. ఆ ముక్క చేత్తో పట్టుకుని గంగాప్రసాద్ నేల మీద కూలబడ్డాడు. అతని కళ్ళ ముందు చల్లపల్లి బస్సు, అందులో కిటికీ పక్కన పద్మశ్రీ కనిపిస్తున్నారు. జానకిరామ్ ఇల్లంతా పచార్లు చేసి, చిటిక వేశాడు.

"గురూ! కింద వైపు ఎవరూ చూళ్ళేదు కదా. కాళ్ళు ఊడదీసి పలక తిరగేద్దాం. అడుగుభాగం పైకొచ్చేస్తది. దానికి పాలిష్ కొడితే కొత్త బల్లే."

అందుకు చోటు కావాలి. టీవీ, మంచం, బట్టల పెట్టెలు, వంటింటి డబ్బాలు అన్నీ తెచ్చి వాకిట్లో వరండాలో పేర్చారు. కాళ్ళు ఊడదీసి పలకని బోర్లా తిప్పారు. పై పలకకి అడుగున నాలుగు చెక్క ముక్కలు అతికి ఉన్నాయి. ఒకటి తెలుపు, ఒకటి పసుపు, ఒకటి ఎర్రటిది, ఒకదానికి నీలం పెయింటు. గంగాప్రసాద్ వంగి ఒక్కో ముక్కా తడిమి చూశాడు. "మామయ్యగారు నాలుగు రకాల టేకు వేయించారు!" అన్నాడు భక్తిగా.

సరిగ్గా అప్పుడు కింద వాటాలో ఉండే ఇంటిగలావిడ కొండలమ్మ, పొద్దుటి నుంచి వినబడుతున్న మోత ఏమిటో చూద్దామని మెట్లెక్కి వచ్చింది. మొహానికి తువ్వాలు కట్టుకుని నెత్తి నుంచి కాళ్ళ దాకా చెక్కపొట్టుతో తెల్లబడి ఉన్న మనిషి కనిపించేసరికి "వామ్మో" అని గోడకి అతుక్కుపోయింది. తువ్వాలు తీస్తే అద్దెకున్న ప్రసాదే. వరండాలో సామానంతా పేర్చి ఉంది. బల్ల కాళ్ళు తాడుతో కట్టకట్టి ఉన్నాయి.

"ఏంటి ప్రసాదూ ఇదంతా?"

ఆవిడకి బల్ల సంగతి తెలిస్తే పద్మకి గుమ్మంలోనే తెలిసిపోతుంది. గంగాప్రసాద్ చేతులు జోడించాడు. "పిన్నిగారూ, మీకు పుణ్యముంటది. సాయంత్రం నాలుగున్నరకల్లా నేనంతా ముగించేస్తాను. పద్మకి మాత్రం ముందే చెప్పకండి. తెలిస్తే తట్టుకోలేదు."

కొండలమ్మ గబగబా మెట్లు దిగింది. పెళ్ళాన్ని షాపింగుకి పంపించి, ఇల్లు ఖాళీ చేసి, సామానుతో సహా పారిపోతున్న మొగుణ్ణి ఆవిడ ఇంత దగ్గర్నుంచి ఎప్పుడూ చూడలేదు. లోపలికెళ్ళి రెండు గ్లాసుల మజ్జిగ తాగితే గానీ గుండె దడ తగ్గలేదు. తగ్గాక, పై వాటా ఖాళీ అయితే చెప్పమని నెలరోజులుగా తిరుగుతున్న కరిముల్లా గుర్తొచ్చాడు. పాపం పద్మ పుట్టింటికి వెళ్ళిపోతుంది. ఇల్లు మాత్రం ఊరికే ఎందుకు పడుండాలి? ఫోన్ చేసింది.

నాలుగుంబావుకి కరిముల్లా, అతని భార్య సాలేహా ఇల్లు చూసుకోవడానికి వచ్చారు. గంగాప్రసాద్ పలక మీద మోకాళ్ళేసుకుని మేకులు పీకుతున్నాడు. వీళ్ళు జానకిరామ్ పిలిపించిన పాలిష్ వాళ్ళనుకుని "రండి రండి, లోపల చూడండి" అన్నాడు. జానకిరామేమో వీళ్ళు మామగారి తరఫు బంధువులనుకుని భయపడి తలుపు వెనక్కి వెళ్ళాడు. సాలేహా తిన్నగా వంటింట్లోకి వెళ్ళి గూళ్ళు లెక్కపెట్టుకుంటోంది. కరిముల్లా మాత్రం గదిలోనే ఆగిపోయి, నేల మీది పొట్టు పిడికెడు తీసుకుని, వేళ్ళతో నలిపి, వాసన చూస్తున్నాడు.

అదే సమయానికి పద్మశ్రీ, తిరుపతిరావుగారు ఆటో దిగారు. కొండలమ్మ గేటు దగ్గరే ఎదురెళ్ళి పద్మశ్రీ రెండు చేతులూ పట్టుకుంది. "గుండె దిటవు చేసుకో తల్లీ. మగాళ్ళని నమ్మకూడదు. పైకెళ్ళు, ఇంకా వెళ్ళినట్టు లేడు. పట్టుకోగలిగితే పట్టుకో."

పద్మశ్రీ చేతిలోంచి పంచెల చాపు జారిపోయింది. మెట్లెక్కుతుంటే వరండాలో తన మంచం, తన పెట్టెలు, తన పోపుల డబ్బా. లోపల తన వంటింట్లో ఎవరో కొత్తావిడ.

"ఎవరండీ మీరు?" అంది పద్మశ్రీ.

"వచ్చే నెల్నుంచి మేవేనమ్మా ఇక్కడుండేది" అంది సాలేహా చక్కగా నవ్వుతూ.

వెనకాల తిరుపతిరావుగారు మొహం జేవురించి నిలబడ్డారు. ఆయన్ని చూడగానే గంగాప్రసాద్ లేచి, తడబడి, కాళ్ళ మీద పడ్డాడు. "తప్పయిపోయింది మామయ్యగారూ! నన్ను క్షమించండి."

"ఎన్నాళ్ళ నుంచి నడుస్తోందయ్యా ఈ బాగోతం?"

"నిన్న సాయంత్రం నుంచే మామయ్యగారూ. కొంచెంతో వదిలేద్దామనుకున్నా. మొదలెట్టాక ఆగలేదు. జానకిరామ్ సాయం చేశాడు."

"దీనికి సాయం కూడానా! తొమ్మిదేళ్ళు కళ్ళల్లో పెట్టుకుని చూసుకోవాల్సింది..."

"చూసుకున్నానండీ. ఒక్క రోజు పొరపాటు. మీకిష్టమైతే ఇంకోటి తెచ్చుకుంటాను."

"ఇంకోటా!" అన్నారు తిరుపతిరావుగారు. గోడ పట్టుకున్నారు. జానకిరామ్ తలుపుని ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నాడు.

ఈలోపు కరిముల్లా నెమ్మదిగా, మర్యాదగా, గొంతు సవరించుకుని గంగాప్రసాద్ వైపు తిరిగాడు. "సార్, ఇల్లు బాగుంది గానీ ఒక్క మాటండీ. నేను కలప అడితిలో ఇరవయ్యేళ్ళుగా చేస్తున్నాను. ఈ మామిడి చెక్కకి మిషన్ పెట్టి ఎందుకింత యాతన పడతన్నారు? దీనికెంత గీకినా పీచు లేస్తానే ఉంటదండీ. మీ చేతిలో తప్పేం లేదు, మిషన్లోనూ లేదు."

"మామిడా?" అన్నాడు గంగాప్రసాద్.

"పైదీ, అడుగున తెల్లదీ మామిడండీ. పసుపుది వేప, ఎర్రది తుమ్మ. నీలం పెయింటుది ఏదో పాత కిటికీ రెక్క. కానీ పాలిష్ మాత్రం గొప్పగా పట్టాడండీ, ఎవరో గాని పనోడు. పైకి చూస్తే మేమైనా టేకే అనుకుంటాం."

అప్పుడు తిరుపతిరావుగారి కళ్ళు బల్ల మీద పడ్డాయి. బల్ల అనడానికి అక్కడ మిగిలింది ఒక పలచటి పలక, కట్టకట్టిన నాలుగు కాళ్ళు, మోకాలి లోతు పొట్టు. ఆయన వంగి అలవాటు ప్రకారం అరచేత్తో పలకని తడిమారు. అరచేతికి పీచు గుచ్చుకుంది. మొగుడు ఎక్కడికీ పారిపోవడం లేదని పద్మశ్రీకి అర్థమై ఊపిరి పీల్చుకుంది గానీ, తండ్రి మొహం చూసి ఆ ఊపిరి సగంలోనే ఆగింది.

"పుల్లయ్య" అన్నారాయన చివరికి. "వడ్రంగి పుల్లయ్య. నా దగ్గర చదువుకున్నాడు. నేను కొనిచ్చిన టేకు. పదకొండు రోజులు కుర్చీ వేసుక్కూర్చున్నాను. రెప్ప వెయ్యలేదు."

"భోజనం చేశాక గంటన్నర పడుకుంటావు కదా నాన్నా" అంది పద్మశ్రీ మెల్లగా.

పదకొండు రోజులు, రోజుకి గంటన్నర. హెడ్మాస్టరుగారు మనసులో లెక్క కట్టుకోవడం అందరికీ కనిపించింది. కట్టుకున్నాక, ఆయన వరండాలోకి వెళ్ళి కూతురి బట్టల పెట్టె మీద కూర్చున్నారు. తలుపు వెనక నుంచి జానకిరామ్ బయటికొచ్చి, పుస్తకంలో కొట్టేసిన గడి పక్కన 'కొట్టివేత రద్దు' అని రాసి మళ్ళీ సంతకం పెట్టాడు.

గంగాప్రసాద్ జీవితంలో ఇలాంటి ఘడియ ఎన్నడూ రాలేదు. తొమ్మిదేళ్ళ చూపులకి ఇప్పుడు ఒక్క చూపు తిరిగి చూడవచ్చు. చూడబోయాడు కూడా. కానీ పెట్టె మీద కూర్చున్న పెద్దాయన బుగ్గ వణుకుతోంది.

"నా కూతురికి నేనిచ్చిన పెద్ద వస్తువు అదొక్కటే ప్రసాదూ" అన్నారాయన, తల ఎత్తకుండా. "ఊళ్ళో అందరికీ చెప్పుకున్నాను. నేనింక ఏ మొహం పెట్టుకుని తిరగను?"

గంగాప్రసాద్‌కి గుండె కరిగిపోయింది. నీళ్ళ గ్లాసు తెచ్చి ఆయన చేతికిచ్చాడు. "తిరగడం ఎందుకు మామయ్యగారూ? మీరు ఇక్కడే ఉండండి. ఈసారి నిజం టేకుతో బల్ల చేయిద్దాం. మీరే దగ్గరుండి చేయించండి. అయ్యేదాకా మీరు కదలొద్దు. నేను కదలనివ్వను."

తిరుపతిరావుగారు తలెత్తి అల్లుడి వంక చూశారు. ఆ చూపులో లెక్కల్లో తప్పిన కుర్రాడు లేడు. "పద్మా, నీ మొగుడు జాగ్రత్తపరుడే కాదమ్మా, మంచివాడు కూడా" అన్నారు. పద్మశ్రీ కొంగుతో కళ్ళొత్తుకుంది. మెట్ల మీద నుంచి కొండలమ్మ కూడా ఒత్తుకుంది. ఇల్లు ఖాళీ కావడం లేదన్న దిగులు ఆవిడ కన్నీళ్ళలో కొంత కలిసి ఉండవచ్చు.

"కొట్లో కోసిపెట్టిన చెక్క నేను నమ్మను" అన్నారు తిరుపతిరావుగారు, గొంతులో పాత హెడ్మాస్టరు తిరిగొస్తుండగా. "దుంగ కొనాలి. నా కళ్ళ ముందు కోయాలి. మధ్యాహ్నం నిద్ర మానేస్తాను. ఏమయ్యా, మీ అడితిలో దుంగలున్నాయా?"

"ఉన్నాయండీ. రేపే కోయిస్తాను. కానీ కోసింది కోసినట్టు మిషన్ ఎక్కించకూడదండీ, ఇట్టాగే పీచు లేచి పలక వంకర్లు తిరిగిద్ది. నీడపట్టున పేర్చి ఆరబెట్టాలి."

"ఎన్ని రోజులు ఆరాలి?" అని అడిగాడు గంగాప్రసాద్, ఉత్సాహంగా.

కరిముల్లా నిజాయితీ గల మనిషి కాబట్టి, ఒక్క నెల కూడా తగ్గించకుండా, పది నెలలన్నాడు.